చెద పట్టే చెక్కే కావాలన్న మా అత్తయ్య

మా అత్తయ్య పోయారన్న కబురు నాకు బందరు బస్టాండులో తెలిసింది. ఖాళీ ట్రేలు రెండూ కాళ్ళ దగ్గర పెట్టుకుని గుడివాడ బస్సు కోసం చూస్తున్నాను. మా కోతమిల్లు మేస్త్రీ ఫోను చేశాడు.

"అమ్మగారు భోంచేసి నడుం వాల్చారండమ్మా. మూడింటికి లేపమన్నారు. లేపుతుంటే లేవటం లేదండీ" అన్నాడు.

ఆ "లేవటం లేదండీ" అన్నది నాకు వెంటనే అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఆ ఉదయం నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, "ఆ క్యాటరింగ్ ఆయన కనపడితే వచ్చే వారానికి ఎంత కావాలో ఇప్పుడే చెప్పమను. పుట్టగొడుగు ఆయన కోసం ఆగదు" అని నన్ను రెండుసార్లు హెచ్చరించి పంపిన మనిషి. డెబ్భై ఏళ్ళు దాటినా ఏ జబ్బూ లేదు. మూడింటికి లేపమని చెప్పి పడుకున్నారంటే నాలుగింటికి చెయ్యాల్సిన పనేదో ఆవిడ బుర్రలో ఉందన్నమాట.

ఆవిడ పెద్దకర్మకి వచ్చినవాళ్ళెవరూ ఎక్కువసేపు ఏడవలేకపోయారు. కళ్ళొత్తుకుంటూనే ఎవరో ఒకరు "ఒకసారేమైందంటే" అని మొదలుపెట్టేవారు. కాసేపటికి అందరూ నవ్వేవారు. నేనూ ఏడుస్తూ రాయదలచుకోలేదు. ఆవిడ దగ్గర ఏదైనా సంగతి సాగదీసి చెబితే "చెప్పేదేదో చప్పున చెప్పవే, అవతల పొట్టు ఆరిపోతోంది" అనేవారు. అందుకని చప్పున చెబుతాను.

మాది గుడివాడలో చిన్న కోతమిల్లు. అత్తయ్యది దివిసీమ, కోడూరు దగ్గర ఒక పల్లె. పదో తరగతి అవగానే మావయ్యను చేసుకుని మిల్లుకొచ్చారు. మావయ్య దుంగలు కొని తెచ్చేవారు. ఆ దుంగని ఎటునుంచి కోస్తే ఎన్ని పలకలొస్తాయో అత్తయ్య చూసి చెప్పేవారు. జుట్టు ముడిలో ఎప్పుడూ వడ్రంగుల బల్లపరుపు పెన్సిలు ఒకటి గుచ్చి ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా తీసేవారు కాదు. పూలు దాని పక్కన పెట్టుకునేవారు.

నేను బందరు అమ్మాయిని. మా నాన్న కోర్టులో గుమాస్తా. నేను బోటనీలో ఎమ్మెస్సీ చేసి గుడివాడలోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కొత్త కోడలిగా వచ్చిన వారంలో అత్తయ్య నా అరచేతిలో చిటికెడు రంపపు పొట్టు పోసి, "నీ బోటనీలో ఇదేం చెక్కో చెప్పు" అన్నారు. ఆకులు చూపిస్తే చెబుతాను, పువ్వు చూపిస్తే చెబుతాను, పొట్టు చూసి ఏం చెప్పను? తెల్లమొహం వేశాను. ఆవిడ ఆ పొట్టులోంచి రవ్వంత తీసి నాలిక చివర వేసుకుని, "మామిడి. చప్పగా ఉంది చూడు. వేపయితే చేదు. టేకయితే నూనె వాసన. నీకు మార్కులెవరిచ్చారే?" అని పకపకా నవ్వారు. నాకప్పుడు కోపమొచ్చింది. చాలా ఏళ్ళ తరవాత ఆ నాలికా, ఆ ముక్కే మా ఇంటిని నిలబెడతాయని అప్పుడు నాకు తెలియదు.

మావయ్య పోయాక మిల్లు తగ్గుముఖం పట్టింది. జనం రెడీమేడ్ తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు కొంటున్నారు. రోజంతా ఆడే రంపం పూటకి దిగింది. తరవాత వారానికి మూడు రోజులు. పొట్టు మాత్రం గోడ ఎత్తున పేరుకుపోయింది. ఒకప్పుడు పొట్టుపొయ్యిల కోసం ఆడవాళ్ళు బస్తాలు పట్టుకుని వరసలో నిలబడేవారట. బందరు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీవాళ్ళు గడ్డలు కరగకుండా కప్పడానికి బళ్ళకొద్దీ తీసుకెళ్ళేవారట. గ్యాసొచ్చింది, థర్మోకోలు పెట్టెలొచ్చాయి, పొట్టు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. గాలి వీస్తే చుట్టుపక్కల ఇళ్ళలో ఆరేసిన బట్టల మీద పడేది. వాళ్ళు గొడవకొచ్చేవారు. మిల్లు మూసేసి స్థలం అద్దెకిద్దామని మావారు అన్నారు. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవటం ఇంట్లో అందరికీ భయమేసే సంగతి.

ఆ ఏడు వానల్లో ఒక పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే పెరట్లోంచి కేక.

"అమ్మాయ్! కాలేజీ తరవాత, ముందిటు రా!"

పాము కనపడిందేమోనని సగం అల్లిన జడతో పరుగెత్తాను. ఆవిడ పొట్టుగుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. అడుగున, తడిసి నల్లబడ్డ పొట్టులోంచి తెల్లగా నాలుగు గొడుగులు లేచి ఉన్నాయి.

"వాటిని ముట్టుకోకండత్తయ్యా! తనంతట మొలిచిన పుట్టగొడుగు విషమైనా కావచ్చు. చూసి చెప్పలేం" అన్నాను.

"తింటానన్నానటే? ఇలా చూడు. మట్టిలో కాదు, పొట్టులో వచ్చింది. పొట్టుని తిని వచ్చింది. అంటే ఈ గుట్టని తినేవాళ్ళు ఒకళ్ళున్నారన్నమాట!"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. మావయ్య పోయిన తరవాత ఆ వెలుగు నేను మళ్ళీ చూడటం అదే. నాకు తెలిసిన పాఠం అక్కడే నిలబడి చెప్పాను. తినే పుట్టగొడుగుల్ని మనవాళ్ళు మామూలుగా వరిగడ్డి మీద పెంచుతారు, కొన్ని దేశాల్లో రంపపు పొట్టు మీదే పెంచుతారు, జొన్నగింజల మీద పెంచిన విత్తనం అమ్ముతారు అని.

"గడ్డి మీద తేలిక కదా అత్తయ్యా, అదే మొదలుపెడదాం" అని కూడా అన్నాను.

"గడ్డి గేదెలకుండనీ. దాని నోటిదగ్గరది మనమెందుకు లాక్కోవటం? పొట్టుకి ఎవరూ లేరు. మనమే" అన్నారు.

ఆ ఆదివారానికే విత్తనం తెప్పించారు. పాత నూనెడ్రమ్ములో అడుగున చెక్కల మంచె కట్టి, కింద నీళ్ళు పోసి, మిల్లులో మిగిలిన చెక్కముక్కలే మంటపెట్టి ఆవిరికి ఏర్పాటు చేశాం. పొట్టులో కొంచెం తౌడు, చిటికెడు సున్నం కలిపి, తడిపి, వేడి తట్టుకునే ప్లాస్టిక్ సంచులు ముప్పై నింపి, ఆ ఆవిరిలో ఉడికించాం. చల్లారాక విత్తనం వేసి, మూతికి దూది బిగించి, మావయ్య ఆఫీసుగదిలో కిటికీలు మూసి వరసగా పేర్చాం. ఆవిడ రోజుకి పదిసార్లు తలుపు తీసేవారు.

"తలుపు తియ్యకండీ, గాలి తగిలి బూజు పడుతుంది" అని నేను అరిచేదాన్ని.

"తియ్యలేదే, తొంగిచూశాను" అనేవారు.

నెల తిరిగేసరికి ముప్పైలో ఐదు సంచులు పుట్టగొడుగు దారం పాకి తెల్లబడ్డాయి. కొన్ని పచ్చగా బూజెక్కాయి. మిగతావాటిలో వింతేమిటంటే, బూజూ లేదు, పుట్టగొడుగు దారమూ లేదు. వేసిన గింజ వేసినట్టే కూర్చుంది. విత్తనం మంచిది కాదన్నాను నేను. మంట చాల్లేదన్నారు మావారు. మేస్త్రీ దేవుడి మీదకి తోశాడు. అత్తయ్య మా ఎవరి మాటా వినకుండా ఆ మొండి సంచుల్లో ఒకటి తెచ్చి అరుగు మీద కోసి, పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇది టేకు" అన్నారు. ఇంకొకటి కోశారు. "ఇందులో వేప ఉంది." మరొకటి. "ఇదీ టేకే." చివరికి తెల్లబడ్డ సంచి ఒకటి కోసి, వాసన చూసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "మామిడి. ఇంకా... నిద్రగన్నేరు." 

తరవాత నెత్తి మీద అరచేత్తో ఒక్కటి కొట్టుకుని, "ఓసి నా మతి మండా! వేప పలకకి పురుగు పట్టదని, టేకు తలుపుకి చెద పట్టదని నలభై ఏళ్ళుగా జనానికి చెప్పి అమ్మాం కదే! పురుగు రాని చెక్కలోకి పుట్టగొడుగెలా వస్తుంది? మనకి చెద పట్టే చెక్కే కావాలి!" అన్నారు.

ఎమ్మెస్సీలో నేను చదువుకున్నదే అది. గట్టి చెక్కల్లో ఉండే రసాయనాలు శిలీంధ్రాన్ని ఎదగనివ్వవని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పెరట్లో గుట్ట చూసినప్పుడు అది నాకు ఒక్కటే పొట్టులా కనిపించింది. ఆవిడకి మాత్రం అందులో పది చెట్లు కనిపించాయి.

మర్నాటి నుంచి మిల్లులో కొత్త చట్టం వచ్చింది. చెక్క మారినప్పుడల్లా రంపం ఆపాలి. కింది గుంట శుభ్రంగా ఊడ్చాలి. ఏ చెక్క పొట్టు ఆ చెక్క బస్తాలోకే వెళ్ళాలి. ప్రతి బస్తాకీ అట్టముక్క కట్టి ఆవిడ పెన్సిలుతో పేరు రాసేవారు. మేస్త్రీ తలపట్టుకున్నాడు.

"పొట్టుకి కూడా ఇంటిపేర్లు పెడతారేంటండమ్మా?"

"పెడతాను. సంబంధం కలపాలంటే ఇంటిపేరు తెలియాలా వద్దా?"

అతను గొణుక్కుంటూనే ఊడ్చాడు. తరవాత్తరవాత అతనే మాకంటే పట్టుదలగా ఊడ్చేవాడు. వడ్రంగి దుకాణాలవాళ్ళు ప్లైవుడ్ పొట్టు ఊరికే ఇస్తామని ఆటోలో వేసుకొస్తే గేటులోంచే వెనక్కి పంపేవాడు. "జిగురుందండీ, మాకు పడదు" అని వైద్యుడిలా చెప్పేవాడు.

రెండోసారి మామిడి, నిద్రగన్నేరు మాత్రమే నింపాం. మావయ్య ఉన్న రోజుల్లో సెంట్రింగు చెక్కలకీ, టమోటా పెట్టెలకీ తప్ప ఎందుకూ పనికిరావని పక్కన పడేసిన చెక్కలవి. తొమ్మిదో రోజుకి గింజ చుట్టూ తెల్లటి నూగు కనిపించింది. ఇరవై రోజులకి సంచి మొత్తం పెరుగు తోడుకున్నట్టు తెల్లగా గట్టిపడింది. గాట్లు పెట్టి, తాటాకు పాకలోకి మార్చి, గోనెపట్టాలు తడుపుతూ కూర్చున్నాం. నాలుగో రోజు పొద్దున గాట్లలో ఆవగింజలంత తలలు! సాయంత్రానికి శనగలంత. మర్నాటికి చిన్న చిన్న చెవుల్లా విచ్చుకున్నాయి. ఆవిడ వడ్రంగుల మడత స్కేలు తెచ్చి పొద్దునొకసారి సాయంత్రమొకసారి కొలిచేవారు. కొలిచి మేస్త్రీకి కేకేసి చెప్పేవారు. అతను రంపం ఆపి మరీ వినేవాడు. పెరుగుతున్నవి పుట్టగొడుగులేగానీ, ఆ వారం రోజులూ మా ఇంట్లో అందరం ఒకరి వెంట ఒకరం పరుగెత్తుతూనే ఉన్నాం.

మొదటి కోత వండినప్పుడు ఒక ముచ్చట జరిగింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాలపొడి వేసి కరివేపాకు దండిగా దూసి ఆవిడే వేపుడు చేశారు. అంతవరకూ మా ఇంట్లో ఎవరమూ పుట్టగొడుగు తిని ఎరగం.

"ముందు నేను తింటాను. సాయంత్రం దాకా చూడండి. నాకేం కాకపోతే మీరు తిందురుగాని" అన్నారు.

"మనం వేసిన విత్తనమే కదత్తయ్యా, విషమెలా అవుతుంది?" అన్నాను.

"నీకు తెలుసులే. జనానికి అమ్మబోయేది నేను. నాకు తెలియాలి" అన్నారు. తిని, వసారాలో కుర్చీ వేయించుకుని, ఫొటో తీయించుకోబోతున్నట్టు నిటారుగా కూర్చున్నారు. మేస్త్రీ గంటకొకసారి వచ్చి "ఎలా ఉందండమ్మా?" అని అడిగి వెళ్ళేవాడు. నాలుగున్నరకి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. మేమంతా కంగారుపడి వెనకాలే వెళ్ళాం. మూకుడులో మిగిలింది మళ్ళీ వడ్డించుకుంటున్నారు. "మీకు రేపు చేసిపెడతాలే" అన్నారు.

అమ్మటం అంత తేలిక కాలేదు. మా స్టాఫ్ రూములో పొట్లాలు కట్టి పంచాను. "మాంసం వాసనేస్తుందా?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. దివిసీమనుంచి అత్తయ్య తమ్ముడు చూడ్డానికొచ్చి, పాకలోకి తలపెట్టి చూసి, "మిల్లు యజమానురాలివి. పుట్టగొడుగులమ్ముకునే ఖర్మేంటక్కా?" అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆవిడ మొహం కొంచెం ముడుచుకుంది. ఆ సాయంత్రం మాత్రం సంచులు నింపుతూ "ఖర్మట, ఖర్మ" అని రెండుసార్లు అనుకోవటం విన్నాను.

బందరు నుంచి క్యాటరింగ్ ఆయన ఒకరు వంటచెరుకు కోసం మా మిల్లుకొచ్చేవారు. ఒకసారి పాకలో కోత చూసి, రెండు కిలోలు తీసుకెళ్ళి, మర్నాడే ఫోను చేశారు. అలా నెలనెలా పెరిగింది. ఒక మాఘమాసంలో ఆయన పెద్ద బేరం తెచ్చారు. అవనిగడ్డలో పెళ్ళి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల్లోకి అరవై కిలోలు కావాలి, ఒకే పూట. అప్పటికి మేం ఒక రోజులో కోసింది ఎప్పుడూ ఎనిమిది కిలోలు దాటలేదు. నేను వద్దంటున్నానని చేత్తో సైగ చేస్తూనే ఉన్నాను. అత్తయ్య నా వైపు చూడకుండా "అలాగే నాయనా" అన్నారు.

రెండొందల పైన సంచులు కట్టాం. అన్నీ తెల్లబడ్డాయి. లెక్కప్రకారం గాట్లు పెట్టాం. నాలుగో రోజుకి తలలు రావాలి. రాలేదు. ఆ వారం ఉన్నట్టుండి ఎండ ముదిరింది. పాకలో గోనెపట్టాలు తడిపిన అరగంటకే ఆరిపోతున్నాయి. సోమవారం పొద్దున చూశాం. సంచులన్నీ సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా, కదలకుండా కూర్చున్నాయి. పెళ్ళి ఆదివారం.

అత్తయ్య ముందు చేసిన పని, క్యాటరింగ్ ఆయనకి ఫోను చేయటం. "నాయనా, ఇంకా మొలవలేదు. బుధవారం సాయంత్రానికి తేలకపోతే నేనే చెబుతాను, నువ్వు వేరే కూర చూసుకో. నీకు చెప్పకుండా దాచను" అన్నారు. పెట్టేసి, నా వైపు తిరిగారు.

"మొదటిసారి మన గుట్ట మీద పుట్టగొడుగు ఎప్పుడు మొలిచింది?"

"వానల్లోనండీ."

"వానల్లో అంటే? రాత్రంతా జడివాన పడి, పొద్దున చల్లగాలి వేసినప్పుడు. దీనికి చలి తగలాలే. చలి తగిలితే లేస్తుంది."

ఔను. చల్లదనం తగిలితే కాపుకొస్తుందని నేనూ చదివాను. కానీ గుడివాడలో ఆ ఎండలో చలి ఎక్కణ్ణుంచి తెస్తాం? ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. బందరు వెళ్ళారు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన, ఒకప్పుడు మా పొట్టు కొన్నాయన, ఇంకా ఉన్నారు. మధ్యాహ్నానికి మినీ లారీలో ఐసుగడ్డలు దిగాయి. ముందు సీట్లో అత్తయ్య. దిగుతూనే "తడి చెక్కలెయ్యండి! ఫ్యాన్లు తెండి!" అని కేకలు.

పాకలో పలకల మీద ఐసుగడ్డలు నిలబెట్టి, ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ వాటి వెనక పెట్టాం. నా పుట్టింటివారిచ్చిన టేబుల్ ఫ్యాను కూడా. పొగలాంటి చల్లదనం సంచుల మధ్య పాకింది. ఆవిడ మావయ్య మంకీటోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని, లోపలే స్టూలు వేసుకుని కూర్చున్నారు. బయట అందరం చెమటలు కక్కుతున్నాం.

"ఊటీ వెళ్ళక్కర్లేదండమ్మా, ఇక్కడే సరిపోద్ది" అన్నాడు మేస్త్రీ, గడ్డ మోసుకొస్తూ.

మంగళవారం కూడా ఐసు తెచ్చాం. బుధవారం పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే పాకలోంచి ఏమీ వినిపించలేదు. కేక లేదు. ఈసారికి మొలవలేదనుకుని మెల్లగా వెళ్ళాను. ఆవిడ మంకీటోపీతోనే ఒక సంచి ముందు వంగి ఉన్నారు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు, ఉయ్యాల్లో పిల్ల లేస్తుందన్నట్టు. వంగి చూశాను. గాటు పొడుగునా ఆవగింజలు. పక్క సంచిలో. దాని పక్క సంచిలో. రెండొందల సంచుల్లోనూ! ఇద్దరం ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకుని, చప్పుడు కాకుండా, ఆ తడి నేల మీద గెంతాం. అరవై ఏడేళ్ళ అత్తగారు, నలభైకి దగ్గరపడ్డ కోడలు.

ఆదివారం తెల్లవారుజామున అందరం కోతకి దిగాం. అరవై రెండు కిలోలు. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వ్యానులో బయల్దేరాం. దారంతా ఆవిడ వెనక్కి తిరిగి ట్రేల వంక చూస్తూనే ఉన్నారు. "మెల్లగా పోనీ బాబూ, పసిగుడ్లున్నాయి" అని డ్రైవరుతో అన్నారు.

భోజనాల దగ్గర చూస్తే, మూడో వరసలో అత్తయ్య తమ్ముడు! పెళ్ళివారు ఆయనకి కావలసినవాళ్ళట. ఆకులో కూర రెండోసారి వేయించుకుంటున్నారు. అక్కని చూసి సంబరపడిపోయి, "ఈ కూర తిన్నావటే అక్కా? అమోఘంగా ఉంది. ఇదేం కూర?" అన్నారు.

"నా ఖర్మేరా" అన్నారు అత్తయ్య చాలా ప్రశాంతంగా. "ఇంకొంచెం వేయించుకో."

ఆయనకి అర్థమవటానికి రెండు ముద్దలు పట్టింది. తరవాత తల వంచుకుని నవ్వుతూ, నిజంగానే ఇంకొంచెం వేయించుకున్నారు.

ఆవిడలో తప్పులు లేవని చెప్పను. తొందర. తనకి తోచింది అప్పటికప్పుడు కావాలి. నేను క్లాసులో ఉంటే పదిసార్లు ఫోను చేసి, ఎత్తితే "ఏం లేదు, మూడో వరసలో బాగా విచ్చుకుంది, చెబుదామని" అనేవారు. ఒక ఏడాది పొట్టు తక్కువై, నేను ఆవిడకి చెప్పకుండా యాభై సంచులు వరిగడ్డితో నింపాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, "గడ్డివి కూడా బానే వచ్చాయిలే. కానీ మనవి కావు" అన్నారు. అంతే. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నేనూ మళ్ళీ గడ్డి జోలికి పోలేదు.

పెళ్ళికూర సంగతి పాకిపోయాక నేర్చుకుంటామని జనం రావటం మొదలైంది. బందరు దగ్గర గూడూరు నుంచి, తోట్లవల్లూరు నుంచి ఆడవాళ్ళు ముగ్గురూ నలుగురూ కలిసి వచ్చేవారు. ఆవిడ ముందుగా ఎవరి చేతా నోట్సులేవీ రాయించేవారు కాదు. తడిపిన పొట్టు పిడికిట్లోకి తీసుకోమనేవారు. "పిండు. చుక్క రావాలి, ధార కట్టకూడదు. అది వచ్చేదాకా ఇంటికెళ్ళొద్దు." ఎవరికైనా ధార కడితే "మళ్ళీ" అనేవారు. చుక్క పడగానే చప్పట్లు కొట్టేవారు. ఒకసారి గూడూరు నుంచి వచ్చినామె నలభై సంచులూ పచ్చబూజెక్కాయని ఏడుస్తూ ఒక సంచి పట్టుకొచ్చింది. ఆ అమ్మాయి సంచిని తిట్టిపోస్తుంటే అత్తయ్య ఆపారు.

"పాడైన సంచిని తిట్టకమ్మా. దాన్ని అడుగు. అదొక్కటే నీకు నిజం చెబుతుంది" అన్నారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని దాన్ని కోసి, వాసన చూసి, గంటసేపు మాట్లాడుకున్నారు. తౌడు ఎక్కువైందని తేలింది. ఇప్పుడు ఆమే తన ఊళ్ళో పదిమందికి నేర్పుతోంది. పెద్దకర్మ రోజున పొద్దున్నే వచ్చి, ఎవరూ చెప్పకుండానే మా పాకలో గోనెపట్టాలన్నీ తడిపి, అప్పుడు భోజనానికి కూర్చుంది.

ఇక చివరి సంగతి. పోవటానికి నెల ముందు ఆవిడకి సరుగుడు పిచ్చి పట్టింది. తను పుట్టిన పల్లె చుట్టూ, సముద్రం ఒడ్డున ఇసుకలో ఉండేవన్నీ సరుగుడు తోటలే. ఆ చెక్క పొట్టు మీద కూడా పండుతుందేమో చూడాలన్నారు. వగరెక్కువ, ఆలస్యమవుతుంది, రాకపోవచ్చు కూడా అన్నాను.

"రాకపోతే రాలేదని తెలుస్తుంది కదా. వస్తే? దివిసీమ మొత్తం ఆ చెట్లేనే! కట్టెలకి పోయే చెట్టు కూరకి వస్తుంది!" అన్నారు. చేతులు తిప్పుతూ, తోటలన్నీ కళ్ళముందు కనపడుతున్నట్టు మాట్లాడారు. పన్నెండు సంచులు కట్టి మావయ్య ఆఫీసుగదిలో ఓ మూల విడిగా పెట్టారు. రోజూ చూసేవారు. ఏమీ కదల్లేదు. "మొండిది. నాలాగే" అనేవారు.

పెద్దకర్మ అయిన మూడోరోజు నేను ఆ గదిలోకి వెళ్ళాను. అన్నీ తీసి పారేద్దామనే వెళ్ళాను. తొమ్మిది సంచులు అలాగే ఉన్నాయి. మూడింట్లో మాత్రం, గింజల చుట్టూ, సన్నగా, సాలీడు అప్పుడే అల్లటం మొదలుపెట్టినట్టు, తెల్లటి దారాలు బయల్దేరాయి. చాలా నెమ్మదిగా. కానీ బయల్దేరాయి. మేస్త్రీని పిలిచాను. అతను వచ్చి చూసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. చిన్న లారీ ఒకటి. నిండా సరుగుడు దుంగలు. డ్రైవరు దిగి, "కోడూరు నుంచండి. గుడివాడ కోతమిల్లు అమ్మగారు ఫోను చేసి పంపమన్నారండి. లోడు ఆలస్యమైంది, ఏమనుకోవద్దని చెప్పండి" అన్నాడు.

"ఎప్పుడు చేశారు?" అని అడిగాను.

అతను చెప్పిన రోజు విని మేస్త్రీ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ పోవటానికి ముందురోజు. అప్పటికి ఒక్క సంచిలో ఒక్క దారం కూడా లేదు.

మేస్త్రీ ముందు నవ్వాడు. తరవాత నేను. ఏమీ అర్థంకాని డ్రైవరు కూడా మొహమాటానికి నవ్వాడు. ఇద్దరూ కలిసి తాళ్ళు విప్పి దుంగలు దింపటం మొదలుపెట్టారు. దింపిన ప్రతి దుంగ బెరడు నెర్రెల్లోంచీ, దివిసీమ నుంచి వచ్చిన తెల్లటి సముద్రపు ఇసుక, మా మిల్లు నేల మీదికి సన్నగా జారుతూనే ఉంది.